పర్షియన్ పిల్లికూన కొంటున్నారా? కూనకంటే ముందు తల్లిని చూపించమనండి.. అసలు సంగతి అక్కడే తేలిపోతుంది!

వీడియోలో దూది ఉండలాంటి తెల్లటి పిల్లికూన. నీలి కళ్లు. వెనక ట్రెండింగ్ పాట. కింద 'ప్రైస్ ఎంత బ్రో' అంటూ కామెంట్లు. అక్కడి నుంచి వాట్సాప్‌కు, వాట్సాప్ నుంచి యూపీఐకి.. అరగంటలో అడ్వాన్స్ వెళ్లిపోతుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖ.. ఎక్కడ చూసినా బ్రీడ్ పిల్లులు ఇలా ఫోన్లోనే అమ్ముడుపోతున్నాయి.

చిక్కు కూడా ఇక్కడే వస్తోంది. పదిహేను సెకన్ల రీల్‌లో కూన ముద్దుగా ఉందో లేదో తెలుస్తుంది. దాని అసలు వయసు, తల్లి పరిస్థితి, పొట్టలో కిడ్నీలు ఎలా ఉన్నాయన్నది తెలియదు. వేలకు వేలు పోసి తెచ్చుకున్న కూన వారం తిరక్కుండానే చనిపోవచ్చు. లేదంటే ఆరేడేళ్లు ఇంట్లో మనిషిలా పెరిగాక కిడ్నీలు పాడైపోవచ్చు. రెండు సందర్భాల్లోనూ కారణం కొన్న రోజునే ఉంటుంది. ఆ రోజు అడగాల్సినవి అడగకపోవడమే అసలు సమస్య. మరి బాధ్యతగా పెంచే బ్రీడర్‌ను గుర్తుపట్టేదెలా?

మొదటి ప్రశ్న.. తల్లి ఎక్కడ?

ధర, రంగు, మగా ఆడా.. ఇవన్నీ తర్వాత. ముందు అడగాల్సింది ఒక్కటే. 'తల్లితో కలిపి కూనలను చూడొచ్చా అండీ?' ఇంట్లో పెంచి, ఇంట్లోనే ఈనిన పిల్లి అయితే ఈ ప్రశ్నకు ఎవరూ తడబడరు. పక్క గదిలోకి తీసుకెళ్లి చూపిస్తారు. 'తల్లి ఊళ్లో ఉంది', 'క్రాసింగ్‌కు పంపాం', 'వేరే బ్రాంచ్‌లో ఉంది', 'తల్లిని చూస్తే కొత్తవాళ్లను కరుస్తుంది సార్' అన్న మాటలు వచ్చాయంటే ఎదుటి మనిషి బ్రీడర్ కాకపోవచ్చు. నాలుగైదు ఇళ్ల నుంచి కూనలను పోగుచేసి అమ్మే మధ్యవర్తి అయ్యే అవకాశమే ఎక్కువ.

మధ్యవర్తి అయితే నష్టమేంటి అనుకోవచ్చు. నష్టం కమీషన్‌తో ఆగదు. వేర్వేరు ఇళ్ల కూనలను ఒకే బోనులో పెట్టినప్పుడు ఒకదాని రోగం మిగతా వాటికి అంటుకుంటుంది. అందులో అన్నిటికంటే భయంకరమైనది ఫెలైన్ పాన్‌ల్యూకోపీనియా. వాడుకలో పిల్లుల పార్వో అంటారు. వైరస్ ఒంట్లోకి వెళ్లాక లక్షణాలు బయటపడటానికి 2 నుంచి 10 రోజులు పడుతుంది. అంటే అమ్మిన రోజు కూన గంతులేస్తూనే ఉంటుంది. ఇంటికొచ్చిన నాలుగో రోజు తిండి మానేస్తుంది. వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. టీకా పడని చిన్న కూనల్లో బతికేవి తక్కువ. పైగా ఈ వైరస్ మొండిది. ఇంట్లో నేల మీద, గిన్నెల మీద, దుప్పట్ల మీద ఏడాది వరకు బతికి ఉండగలదు. బాధ తట్టుకోలేక వెంటనే ఇంకో కూనను తెచ్చుకుంటే, దానికీ అదే గతి పట్టొచ్చు.

తల్లిని చూసినప్పుడు దాని అందం కంటే దాని ఒళ్లు గమనించాలి. బొచ్చు దువ్వినట్టు ఉందా, అట్టకట్టి ఉందా? కళ్లలో పుసి, చెవుల్లో నల్లటి మట్టిలాంటిది ఉందా? తుమ్ములు వస్తున్నాయా? వెంట్రుకలు రాలిపోయి గుండ్రంగా మచ్చలు కనిపిస్తే తామర కావచ్చు. పర్షియన్ల పెద్ద బొచ్చులో అది త్వరగా కనిపించదు. తామర పిల్లి నుంచి మనుషులకూ అంటుకుంటుంది, ఇంట్లో చిన్న పిల్లలుంటే ఇంకా ఎక్కువ జాగ్రత్తగా చూడాలి.

ఇంకో మాట.. తల్లి మనుషుల దగ్గరకు ఎలా వస్తోందో కూడా చూడాలి. కూనలకు 2 నుంచి 7 వారాల మధ్య మనుషుల స్పర్శ, ఇంటి చప్పుళ్లు అలవాటు కావాలి. మిక్సీ, టీవీ, కాలింగ్ బెల్ చప్పుళ్ల మధ్య పెరిగిన కూన వేరు, మేడ మీద రేకుల షెడ్డులో బోనులో పెరిగిన కూన వేరు. రెండోది ఆరోగ్యంగానే ఉన్నా జీవితమంతా మంచం కిందే దాక్కునే ప్రమాదం ఉంది.

తండ్రి పిల్లి అక్కడ లేకపోతే అనుమానించాల్సిన పనిలేదు. చాలామంది బ్రీడర్లు మగపిల్లిని బయటి నుంచే తెప్పిస్తారు. దాని కాగితాలు, రిపోర్టులు చూపిస్తే చాలు. తల్లి ఏడాదికి ఎన్నిసార్లు ఈనుతోందన్నది మాత్రం తప్పకుండా అడగాలి. పిల్లి చూడి సుమారు 9 వారాలే. కూనలు పాలు తాగుతుండగానే మళ్లీ ఎదకు రాగలదు. వదిలేస్తే ఏడాదికి మూడు ఈతలు కూడా సాధ్యమే. ఆ తల్లి ఒంట్లో ఏం మిగులుతుంది? 'ఎప్పుడు కావాలంటే అప్పుడు స్టాక్ ఉంటుంది' అనే మాట ఏ బ్రీడర్ నోటి నుంచైనా వస్తే అక్కడితో ఆపేయడం మంచిది. మంచి బ్రీడర్ దగ్గర సాధారణంగా వెయిటింగ్ ఉంటుంది.

పర్షియన్ల కిడ్నీ జబ్బు.. అడగాల్సిన రిపోర్టు ఇదే

తెలుగు రాష్ట్రాల్లో అందరికీ తెలిసిన బ్రీడ్ పర్షియన్. ఆ బ్రీడ్‌ను పట్టి పీడించే జబ్బు పాలిసిస్టిక్ కిడ్నీ డిసీజ్. పొట్టిగా పీకేడీ. పుట్టినప్పుడే కిడ్నీల్లో చిన్న చిన్న నీటి బుడగలు ఉంటాయి. పిల్లితో పాటు అవీ పెరుగుతాయి. బయటికి ఏళ్ల తరబడి ఏమీ తెలియదు. చాలా పిల్లుల్లో ఏడేళ్లు అటూ ఇటూగా వచ్చేసరికి నీళ్లు ఎక్కువ తాగడం, బరువు తగ్గడం, వాంతులు మొదలవుతాయి. అప్పటికి చేయగలిగింది తక్కువ. దీన్ని నయం చేసే మందు లేదు.

ఇది వంశపారంపర్యంగా వచ్చేది. తల్లిదండ్రుల్లో ఒక్కదానికి ఈ జన్యులోపం ఉన్నా చాలు, పుట్టే ప్రతి కూనకూ సగం అవకాశం ఉంటుంది. జన్యు పరీక్ష రాకముందు అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, ఫ్రాన్స్ దేశాల్లో స్కానింగ్‌లు చేసి చూస్తే, పరీక్షించిన పర్షియన్లలో మూడో వంతుకు పైగా ఈ జబ్బు బయటపడింది. కారణమైన జన్యుమార్పును 2004లో గుర్తించారు. అప్పటి నుంచి చెంప లోపలి నుంచి తీసిన స్వాబ్‌తోనే పరీక్ష చేయొచ్చు. పిల్లి జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు. తల్లి, తండ్రి రెండిటికీ నెగెటివ్ వస్తే కూనలకు ఈ జబ్బు భయం ఉండదు.

అంటే పరీక్ష ఉంది, కష్టమైనదీ కాదు. అయినా అమ్మేవాళ్లలో ఎంతమంది చేయిస్తున్నారన్నది 'పీకేడీ రిపోర్టు ఉందా?' అని నలుగురిని అడిగితే తెలిసిపోతుంది. 'మా పిల్లులకు అలాంటివేం లేవండి' అన్నది రిపోర్టు కాదు. జన్యు పరీక్ష చేయించకపోతే, పది నెలలు దాటిన తల్లి పిల్లికి కిడ్నీల అల్ట్రాసౌండ్ చేయించినా చాలావరకు తేలుతుంది. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీలకు అనుబంధంగా ఆసుపత్రులున్నాయి. పెద్ద ప్రైవేటు క్లినిక్‌లలోనూ స్కానింగ్ చేస్తున్నారు. హిమాలయన్, ఎక్సోటిక్ షార్ట్‌హెయిర్ లాంటి పర్షియన్ రక్తం కలిసిన బ్రీడ్‌లకూ ఇదే ప్రశ్న వర్తిస్తుంది.

మెయిన్‌కూన్ కొనేవాళ్లు అడగాల్సింది గుండె గురించి. గుండె కండరం మందమైపోయే హెచ్‌సీఎం అనే జబ్బు ఆ బ్రీడ్‌లో ఎక్కువ. దానికి కారణమైన ఒక జన్యుమార్పును 2005లో కనిపెట్టారు. అయితే జన్యు పరీక్ష నెగెటివ్ వచ్చినంత మాత్రాన గుండె పూర్తిగా సేఫ్ అని కాదు. తల్లిదండ్రులకు ఎకో కూడా చేయించి ఉండాలి.

'పంచ్ ఫేస్' మోజు.. 'ఫోల్డ్' చెవుల వెనక నొప్పి

మన మార్కెట్‌లో పర్షియన్‌కు ముఖాన్ని బట్టి రేటు. డాల్ ఫేస్ అంటే ముక్కు కాస్త బయటికి ఉండేది. సెమీ పంచ్ అంటే కొంచెం నొక్కినట్టు. పంచ్, ఎక్స్‌ట్రీమ్ పంచ్ అంటే ముఖం మొత్తం చదునుగా ఉండేది. ముక్కు ఎంత లోపలికి పోతే రేటు అంత పైకి. పిల్లికి మాత్రం లెక్క తిరగబడుతుంది. ముఖం చదునయ్యే కొద్దీ ఊపిరి తీసుకోవడం కష్టం, కళ్లు ఎప్పుడూ కారుతూనే ఉంటాయి, పళ్లు సరిగా అమరవు. మే నెల విజయవాడ ఎండలో అలాంటి పిల్లికి ఏసీ లేని గది ప్రమాదమే. ఈ విషయాలు తనంతట తాను చెప్పి, 'మీ ఇంట్లో పిల్లి ఉండే గది చల్లగా ఉంటుందా?' అని అడిగే బ్రీడర్ దొరికితే ఆ నంబర్ సేవ్ చేసుకోవచ్చు.

'టీకప్ పర్షియన్', 'టాయ్ పర్షియన్' పేరుతో చిన్న సైజు కూనలను ఎక్కువ రేటుకు అమ్ముతుంటారు. పెద్ద అంతర్జాతీయ క్లబ్బుల్లో అలాంటి బ్రీడ్ ఏదీ లేదు. ఎదుగుదల తగ్గిన కూనో, వయసు తక్కువ కూనో కావచ్చు.

స్కాటిష్ ఫోల్డ్ కథ ఇంకా వేరు. 1961లో స్కాట్లాండ్‌లోని ఓ పొలంలో కనిపించిన సూసీ అనే తెల్ల పిల్లి నుంచి ఈ బ్రీడ్ మొదలైంది. చెవి మడత పడటానికి కారణం మృదులాస్థిలో లోపం. ఆ లోపం చెవితో ఆగదు. కీళ్లలో, తోకలో, కాళ్లలో కూడా ఉంటుంది. కాళ్లు చాపుకుని మనిషిలా కూర్చునే ఫోల్డ్ పిల్లి వీడియోలు లక్షల్లో వ్యూస్ తెచ్చుకుంటాయి. కీళ్ల నొప్పి ఉన్న పిల్లి కూడా కాళ్ల మీద భారం తగ్గించుకోవడానికి అలా కూర్చోవచ్చు. బ్రిటన్‌లోని ప్రధాన పిల్లుల సంస్థ జీసీసీఎఫ్ ఈ బ్రీడ్‌ను రిజిస్టర్ చేయదు. నెదర్లాండ్స్‌లో వీటి బ్రీడింగ్‌నే నిషేధించారు. ఫోల్డ్ కూనలను అమ్ముతున్న 'బాధ్యతగల బ్రీడర్' అన్న మాటే అసలు పొసగదు.

45 రోజుల కూన వద్దు

ఎక్కువ ప్రకటనల్లో కనిపించే మాట '45 డేస్ కిట్టెన్'. అమ్మేవాళ్లకు అది లాభం. అప్పుడు ముద్దుగా ఉంటుంది, తిండి ఖర్చు ఉండదు, టీకాల ఖర్చూ ఉండదు. కూనకు మాత్రం అది చాలా ముందు. పాలు పూర్తిగా మానడానికే 8 వారాలు పడుతుంది. కరిచే ఆట ఎక్కడ ఆపాలి, లిట్టర్ బాక్స్ ఎలా వాడాలి అన్నది తల్లి, తోబుట్టువుల దగ్గరే నేర్చుకుంటుంది. విదేశాల్లో పేరున్న క్లబ్బుల బ్రీడర్లు 12, 13 వారాలు నిండాకే కూనను ఇస్తారు.

వయసు విషయంలో అబద్ధం చెబితే పట్టుకునే మార్గాలున్నాయి. పుట్టిన కూనలన్నిటికీ కళ్లు నీలంగానే ఉంటాయి. ఆరేడు వారాలకు గానీ అసలు రంగు తేలడం మొదలుకాదు. 'బ్లూ ఐస్' అని ఎక్కువ డబ్బులు పెట్టి కొన్న కూన కళ్లు రెండు నెలల తర్వాత రాగి రంగులోకో, ఆకుపచ్చలోకో మారితే అది మాయ కాదు. 2 నెలల కూన బరువు సాధారణంగా కిలోకు కాస్త తక్కువ ఉంటుంది, పాల పళ్లన్నీ వచ్చి ఉంటాయి. అరచేతిలో ఇమిడిపోతూ, నడుస్తుంటే తూలుతుంటే చెప్పిన వయసు నిజం కాకపోవచ్చు. తెల్ల బొచ్చు, పెద్దయ్యాక కూడా రెండు కళ్లూ నీలం అయితే చెవుడు ఉండే అవకాశం ఎక్కువ. కూన చూడకుండా వెనక చప్పట్లు కొట్టి చూడాలి.

టీకా పుస్తకం తిరగేస్తే..

కూనతో పాటు ఇచ్చే టీకా పుస్తకంలో తేదీ, సంతకం ఉంటే సరిపోదు. ప్రతి టీకా సీసా మీద ఊడదీసి అంటించే చిన్న స్టిక్కర్ ఉంటుంది. దాని మీద బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ తేదీ ఉంటాయి. ఆ స్టిక్కర్, పక్కన డాక్టర్ సంతకం, రిజిస్ట్రేషన్ నంబర్, క్లినిక్ ముద్ర.. ఇవన్నీ ఉండాలి. అనుమానం వస్తే క్లినిక్‌కు ఫోన్ చేసి కనుక్కోవడానికి రెండు నిమిషాలు చాలు.

లెక్క ఇలా ఉంటుంది. ట్రైక్యాట్‌గా పిలిచే మూడు రోగాల టీకా మొదటి డోసు 6 నుంచి 8 వారాల మధ్య. తర్వాత 3, 4 వారాలకోసారి, 16 వారాలు వచ్చేదాకా. తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ ఉన్నప్పుడు టీకా సరిగా పనిచేయదు కాబట్టే ఇన్ని డోసులు. రేబిస్ టీకా సాధారణంగా 12 వారాల తర్వాత. కాబట్టి '45 డేస్, ఫుల్లీ వ్యాక్సినేటెడ్, రేబిస్ కూడా అయిపోయింది' అంటే ఆ పుస్తకంలో ఏదో ఒకటి అబద్ధం. నట్టల మందు ఎప్పుడెప్పుడు వేశారన్నది కూడా అందులోనే రాసి ఉండాలి.

పేపర్లు ఉన్నాయంటే.. ఏ పేపర్లు?

బ్రీడ్ పిల్లి అని చెప్పడానికి వంశవృక్షం కాగితం కావాలి. అమెరికాలోని క్యాట్ ఫ్యాన్సియర్స్ అసోసియేషన్, ద ఇంటర్నేషనల్ క్యాట్ అసోసియేషన్, జర్మనీ కేంద్రంగా ఉన్న వరల్డ్ క్యాట్ ఫెడరేషన్.. ఇలాంటి సంస్థల పేర్లు మన బ్రీడర్ల దగ్గర వినిపిస్తాయి. రెండో సంస్థ పొట్టి పేరు పలికితే అచ్చం 'టీకా' అన్నట్టే వినిపిస్తుంది. 'టీకా ఉంది' అని బ్రీడర్ అంటే ఏ టీకానో ఒకసారి అడగడం మంచిది. ఎవరైనా పిల్లికి 'కేసీఐ పేపర్లు' ఇస్తామంటే అక్కడే లేచి రావచ్చు. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా రిజిస్టర్ చేసేది కుక్కలను.

ఇంకో తేడా తెలియాలి. క్యాటరీ పేరును క్లబ్బులో నమోదు చేసుకున్నంత మాత్రాన ఎవరో వచ్చి ఆ ఇంటిని తనిఖీ చేశారని కాదు. వంశవృక్షం కాగితం కూడా కూన తాతముత్తాతలు ఎవరో చెబుతుందే తప్ప, ఆరోగ్యంగా ఉందని చెప్పదు. ఆరోగ్యానికి రిపోర్టులు వేరే చూడాల్సిందే. కూనకు మైక్రోచిప్ వేసి ఉంటే, ఆ 15 అంకెల నంబర్ కాగితం మీద నంబర్‌తో కలుస్తుందా అన్నది స్కానర్ ఉన్న ఏ క్లినిక్‌లోనైనా చూసుకోవచ్చు.

కాగితాలు లేని పర్షియన్ కూన చెడ్డదనేం కాదు. ముచ్చటగా పెంచుకోవడానికి కాగితం అక్కర్లేదు. కానీ కాగితం లేనప్పుడు 'ప్యూర్ బ్రీడ్' రేటు ఎందుకు కట్టాలన్నది న్యాయమైన ప్రశ్నే.

చట్టం ఏం చెబుతోంది?

జంతు హింస నిరోధక చట్టం 1960 కింద కుక్కల బ్రీడింగ్‌కు 2017లో కేంద్రం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి, 8 వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదు. 2018లో పెట్ షాపులకు నిబంధనలు వచ్చాయి. పిల్లులు అమ్మే షాపు కూడా రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి. పిల్లుల బ్రీడింగ్‌కు మాత్రం కుక్కలకు ఉన్నట్టు విడిగా కేంద్ర నిబంధనలు లేవు. ఇంట్లో బ్రీడింగ్ చేసే పిల్లి మెడలో గంట కట్టేవాళ్లు లేరన్నమాట. అందుకే ఇక్కడ కొనేవాళ్ల ప్రశ్నలకే బలం ఎక్కువ.

ఇక మోసాల సంగతి. 'లాస్ట్ పీస్ ఉంది సార్, ఇవాళే అడ్వాన్స్ వేయండి' అన్న తొందర పెట్టారంటే జాగ్రత్తపడాలి. అడ్వాన్స్ తర్వాత ట్రావెల్ కేజ్ చార్జీ, ఆ తర్వాత ఇన్సూరెన్స్, ఆ తర్వాత 'ఎయిర్‌పోర్టులో ఆపేశారు' అంటూ వరసగా డబ్బులు అడుగుతారు. కూన అసలు ఉండనే ఉండదు. ఫొటో ఇంకెవరిదో. రికార్డు చేసిన వీడియోను నమ్మకుండా లైవ్ వీడియో కాల్ అడిగి, 'ఆ కూన పక్కన ఇవాళ్టి తేదీ రాసిన కాగితం పెట్టండి' అంటే చాలా నాటకాలు అక్కడే ఆగిపోతాయి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కు ఫోన్ చేయాలి. లేదా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఎదురు ప్రశ్నలు వేస్తే కోపం వద్దు

బాధ్యతగల బ్రీడర్ దగ్గర కొనేవాళ్లకే ఇంటర్వ్యూ జరుగుతుంది. ఎన్నో అంతస్తు? బాల్కనీకి పావురాల నెట్ కట్టించారా? సంక్రాంతికి ఊరెళితే పిల్లిని ఎవరు చూస్తారు? అత్తగారికి పిల్లులంటే ఇష్టమేనా? ఇంట్లో ఎవరికైనా అలర్జీ ఉందా? డబ్బులిచ్చేవాళ్లను ఇలా అడుగుతారా అని కొందరికి చిరాకు వస్తుంది. కానీ అపార్ట్‌మెంట్ల నుంచి పిల్లులు పడిపోవడం, బొచ్చు దువ్వలేక ఆర్నెల్లకే వదిలేయడం చూసినవాళ్లే ఇలా అడుగుతారు. వాళ్లలో చాలామంది రాతపూర్వక ఒప్పందం చేస్తారు. వయసు రాగానే ఆపరేషన్ చేయించాలని, పెంచలేకపోతే రోడ్డున వదలకుండా తమకే తిరిగివ్వాలని అందులో ఉంటుంది. కొన్న రెండు మూడు రోజుల్లో డాక్టర్‌కు చూపించి, జబ్బు తేలితే ఏం చేస్తారన్నది కూడా అందులో రాయించుకోవాలి. ఆ కాగితం, బిల్లు ఉంటేనే రేపు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లినా మాట నిలబడుతుంది.

కూనను తెచ్చే రోజు బస్సు పార్శిల్‌లోనో, డెలివరీ బాయ్‌తోనో తెప్పించుకోవద్దు. బుట్ట తీసుకుని స్వయంగా వెళ్లాలి. అది తింటున్న తిండి, వాడుతున్న లిట్టర్ ఏ బ్రాండో రాసుకుని, మొదటి వారం అవే వాడాలి. ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే కనీసం పది రోజులు వేరే గదిలో, వేరే గిన్నెలతో ఉంచాలి. రెండు రోజుల్లోపు డాక్టర్‌కు చూపించాలి. ఒక పూట తిండి ముట్టకపోయినా, ఒకటికి రెండుసార్లు వాంతి చేసుకున్నా 'కొత్త చోటు కదా, బెంగపెట్టుకుంది' అని తెల్లారేదాకా చూడకుండా అదే రాత్రి క్లినిక్‌కు తీసుకెళ్లాలి. పాన్‌ల్యూకోపీనియా అయితే బతికే అవకాశం ఆ కొన్ని గంటల మీదే ఆధారపడి ఉంటుంది. బ్రీడర్‌కు కూడా వెంటనే చెప్పాలి. అదే ఈతలోని మిగతా కూనలు ఇంకెవరి ఇళ్లలోనో ఉంటాయి.